పదిహేనున్నర అంగుళాలు

రెండో తారీఖు

మామయ్యకి పెన్సిలు నమస్కరించి రాసుకునే ఉత్తరం.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు, అత్తయ్య, నీ రంపాలు, ఉలులు అందరూ క్షేమమని తలుస్తాను. ఫోను చేస్తే "కొలతలు గాలిలో చెప్పకు, కాగితం మీద రాసి పంపు, మేకుకి గుచ్చుకుంటాను" అంటావు కదా, అందుకే కలం పట్టాను.

మామయ్యా, మొదటిసారి ఒక ఇల్లు మొత్తం నా చేతికొచ్చింది! మూడేళ్లుగా గుడ్డల శాంపిల్ పుస్తకాలు మోయించడం తప్ప ఇంకో పని చెప్పని మా ఆఫీసువాళ్లు, ఒక కొత్త ఫ్లాటు లోపలి అలంకరణంతా నన్నే చూసుకోమన్నారు. ఆ భవనం కట్టించినాయన్ని మేం చాటుగా ట్రెండుగారు అంటాం. ఆయన పొద్దున పలకరింపు కూడా "ఏమ్మా, ఇప్పుడు ట్రెండేమిటి?" అనే. ఆయనకి ఈ ఇల్లు నచ్చితే మిగతా నలభై ఫ్లాట్లూ నాకే ఇస్తారట. నచ్చకపోతే మళ్లీ శాంపిల్ పుస్తకాలూ నేనూ.

కావలసినవి: నేలకి దగ్గరగా ఉండే తెల్లటి సోఫా, గుండ్రటి అంచుల భోజనాల బల్ల, దానికి ఆరు కుర్చీలు, పిడుల్లేని బీరువా, తలుపుల్లేని పుస్తకాల అలమర, కిటికీ పక్కన మూలకి ఒక ఒంటి కుర్చీ. చెక్క రంగు చెక్కలాగే ఉండాలి. చూడ్డానికి హాయిగా ఉండాలి, ఇరవై ఏళ్లయినా కదలకూడదు. గది కొలతలు, పత్రికల్లోంచి కత్తిరించిన బొమ్మలు జత చేశాను. వచ్చే నెల ఇరవై ఐదుకి అంతా సర్ది ఉంచాలి.

నీ మీదే భారం వేశాను.

ఇట్లు,
నీ పెన్సిలు

తా.క. నీ చెవి మీంచి పెన్సిళ్లు దొంగిలించి నమిలేదాన్నని నువ్వు పెట్టిన పేరు ఆఫీసులో ఎవరికీ చెప్పకు. ఇక్కడ నన్ను మేడం అంటున్నారు.

*

ఆరో తారీఖు

చిరంజీవి పెన్సిలు మేడం గారికి మామయ్య ఆశీస్సులు.

(రాస్తున్నది అత్తయ్య. మీ మామయ్య చెబుతుంటే నేను రాస్తున్నాను. ఆయన సొంత దస్తూరీ ఆయనకీ, కలప దుకాణం ఆయనకీ తప్ప మూడోవాడికి అర్థం కాదు.)

నీ బొమ్మలు చూశాను. గోడ పొడవు రాశావు, కిటికీ వెడల్పు రాశావు, గోడకి ఏ రంగో రాశావు. మనుషులేరీ? కుర్చీ కొలత గదిలోంచి రాదు తల్లీ, మోకాలిలోంచి వస్తుంది. ఆ ఇంట్లో ఎవరెవరుంటారు, మడమ నుంచి మోకాలి వెనక దాకా ఎంత, కూర్చుంటే మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంటుంది, ఎవరెలా కూర్చుంటారు, అవన్నీ రాసి పంపు. అందాకా నేను రంపం ముట్టుకోను.

ఇంకోమాట. అలంకారానికి పెట్టుకునే సామాను నేను చెయ్యనని నీకు తెలుసు. ఆ బట్టల దుకాణంవాడు ఇంటికని చెప్పి బల్ల చేయించుకుని, అద్దాల వెనక పెట్టి, దానిమీద చీరలు కట్టిన బొమ్మల్ని కూర్చోబెట్టాడు. నేను వెళ్లి, ఆ బొమ్మల్ని లేపి నిలబెట్టి, నా బల్ల నేను మోసుకొచ్చుకున్నాను. మనిషి కూర్చోని చోటికి నా చెక్క రాదు.

పిడుల్లేని బీరువా అన్నావు. దాన్ని ఎలా తెరుస్తారు, బతిమాలా?

ఇట్లు,
మామయ్య

తా.క. (ఇది నా సొంతం.) బొమ్మలో సోఫా ముచ్చటగా ఉందే. కానీ అంత కిందకి కూర్చున్న ఆవిడ లేవడమెలాగో బొమ్మలో వెయ్యలేదు. దస్తూరీ వణికితే ఏమనుకోకు. మేకుల పెట్టె బోర్లించి దానిమీద కూర్చుని రాస్తున్నాను, దాని ఒక మూల కుంటిది.

*

పదో తారీఖు

మామయ్యకి నమస్కారాలు.

అడిగావు కనక రాస్తున్నాను. ఆ ఇంట్లో ఉండేది నలుగురు.

ఇంటాయన భారీ మనిషి. కుర్చీని వెనక రెండు కాళ్లమీద నిలబెట్టి ఊగుతారు. ఇల్లాలు ఆఫీసు కాగితాలన్నీ భోజనాల బల్లమీదే పరుస్తుంది. తొమ్మిదేళ్ల కూతురు సోఫాలో తల కిందికీ, కాళ్లు పైకీ పెట్టి చదువుకుంటుంది.

నాలుగో ఆవిడ మామ్మగారు. మడమ నుంచి మోకాలి వెనక దాకా పదిహేనున్నర అంగుళాలు. ఎడమ మోకాలు నొప్పి. ఎక్కడ కూర్చున్నా, బస్సు వచ్చేస్తుందేమో అన్నట్టు అంచునే కూర్చుంటుంది. ఒక పాదం కిందకి మడుచుకుంటుంది. ఇంట్లో కుర్చీలకేం లోటు లేదు గానీ, ఎవరు గదిలోకొచ్చినా లేచి తన కుర్చీ ఇచ్చేస్తుంది. చివరికి వంటింట్లో డబ్బా బోర్లించి దానిమీద కూర్చుని పని చేసుకుంటుంది. అడిగితే "నాకిదే అలవాటు" అంటుంది.

మిగతావాళ్ల కొలతలు వేరే కాగితంమీద ఉన్నాయి. ఇక మొదలుపెట్టు మామయ్యా, రోజులు లేవు.

ఇట్లు,
నీ పెన్సిలు

తా.క. బీరువాని పక్కనుంచి వేలితో నొక్కితే తెరుచుకుంటుంది. బతిమాలక్కర్లేదు.

*

పదిహేనో తారీఖు

చిరంజీవి పెన్సిలుకి ఆశీస్సులు.

కొలతలు అందాయి. ఇంటాయనకి కుర్చీ కాదు, దాని వెనక కాళ్లు ముఖ్యం. వాటిని కొంచెం వెనక్కి వాల్చి చేస్తాను, ఊగినా పడడు. ఆ పిల్ల తల పెట్టేచోట మెత్తగా ఉండాలి, కనక సోఫాకి ముందువైపు చెక్క కనబడనివ్వను. తెల్లగుడ్డ వద్దు. తొమ్మిదేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో తెల్లగుడ్డ పెట్టడం ఆ పిల్లని రోజూ తిట్టడానికి ఏర్పాటు చేసుకోవడమే. టీ రంగు వెయ్యి. సోఫా మూడంగుళాలు ఎత్తు పెంచుతున్నాను. సుఖమంటే ఏమిటనుకున్నావు? కూర్చున్నవాడికి కుర్చీ సంగతి గుర్తు రాకపోవడం.

ముందు మామ్మగారి కుర్చీ అందుకుంటున్నాను. అది అయ్యాకే మిగతావి.

ఇట్లు,
మామయ్య

తా.క. (నేనే.) నీ ఉత్తరం నేను పైకి చదువుతుంటే నా కడుపు రగిలిపోయింది. ఇంటినిండా కుర్చీలుండి ఆ పెద్దావిడ డబ్బామీద కూర్చోవడమేమిటి? ఆ ఇంటి మగాళ్లకి అవి కళ్లా, కాకరకాయలా? "అలవాటు" అందిట! ఆవిడ అంటుంది, వీళ్లు వింటారూ? నా మాటగా గట్టిగా చెప్పు వాళ్లకి. నేనిలా అంటుంటే మీ మామయ్య ఎందుకో చిత్రిక పట్టడం ఆపేసి, గరుకు కాగితం కోసం అరగంట వెతికారు. అది ఆయన చేతిలోనే ఉంది.

*

ఇరవయ్యో తారీఖు

మామయ్యకి, అత్తయ్యకి నమస్కారాలు.

అత్తయ్య మాటలు ఆ ఇంటివాళ్లకి చెప్పాను. సిగ్గుపడ్డారు.

మామయ్యా, నీ కాళ్లు పట్టుకుంటాను, మామ్మగారి కుర్చీ పక్కన పెట్టి ముందు సోఫా, బల్ల కానివ్వు. ట్రెండుగారు రోజుకి రెండుసార్లు ఖాళీ గదిలోకొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, నా మొహం చూసి వెళ్తున్నారు. నిన్న "ఖాళీగా ఉంచడం కూడా ట్రెండేనా అమ్మా?" అన్నారు.

అయినా మామ్మగారి కుర్చీకి తొందరేం లేదు. ఆవిడ ఊళ్లో లేరు. చిన్నకూతురి ఇంటికి వెళ్లారు, రెండు నెలల దాకా రారు.

ఇట్లు,
నీ పెన్సిలు

తా.క. సోఫా ఒకటిన్నర అంగుళం పెంచితే సరిపోదూ?

*

ఇరవై నాలుగో తారీఖు

పెన్సిలుకి.

పని ఆపేశాను.

ఇట్లు,
మామయ్య

తా.క. (ఇక్కణ్ణించి అంతా నాదే.) రెండు నెలలా? నాకు తెలియదనుకున్నావా ఇలాంటి వెళ్లడాలు! కొత్త ఇల్లు, తెల్ల సోఫా వస్తున్నాయనగానే డబ్బామీద కూర్చునే ముసలమ్మ అడ్డమైపోయింది, చిన్నకూతురి ఇంటికి సాగనంపేశారు. నీ ఉత్తరంలో చెప్పినవాళ్లని నేను తిట్టినందుకే ఇలా చేశారేమోనని రెండు రోజులుగా అన్నం సహించడం లేదు. ఆవిడ తిరిగి ఆ గడప తొక్కేదాకా ఇక్కడ ఒక్క మేకు కూడా దిగదు. వాళ్లకి బరువైతే ఇక్కడికి పంపించెయ్యమను. వెనక గది ఖాళీగానే ఉంది. పరుపు ఎండలో వేశాను.

ఇంకో తా.క. ఆవిడ కాఫీ తాగుతుందా, టీయా? వెంటనే రాయి.

*

ఇరవై ఎనిమిదో తారీఖు

అత్తయ్యా, మామయ్యా,

వచ్చేశారు! మామ్మగారు పొద్దున బస్సుకి వచ్చేశారు! చిన్నకూతురి ఇంట్లో మనసు నిలవలేదట. అందరూ ఎదురెళ్లి సంచులు అందుకున్నారు. మనవరాలు వదలడం లేదు. ఆవిణ్ణి ఎవరూ వెళ్లగొట్టలేదు అత్తయ్యా, నా మీద ఒట్టు. నీకు నమస్కారాలు చెప్పమన్నారు. టీ తాగుతారు, చక్కెర తక్కువ.

మామయ్యా, సోఫా నువ్వన్నట్టే మూడంగుళాలూ పెంచు. గుడ్డ టీ రంగే. బీరువాకి పిడులు కూడా పెట్టుకో, నేనేమీ అనను. రంపం మాత్రం పట్టుకో. ఈ ఇల్లు చెడిందంటే నా పని అయిపోయినట్టే.

ఇట్లు,
ఏడుపొక్కటే తక్కువైన
నీ పెన్సిలు

*

పద్దెనిమిదో తారీఖు

చిరంజీవి పెన్సిలుకి ఆశీస్సులు.

సామానంతా రేపు లారీకెక్కుతుంది. దించేటప్పుడు బల్లని కాళ్లు పట్టుకుని కాదు, పలక పట్టుకుని దించమను. పిడులు పెట్టాను, గుండ్రంగా, ముసలి వేళ్లకి అందేలా. బోల్టులన్నీ లోపలివైపు ఉన్నాయి, ఏడాదికోసారి బిగించుకుంటే నీ ఇరవై ఏళ్లేమిటి, ఆ పిల్ల మనవరాలు కూడా ఆ సోఫాలో తల్లకిందులుగా చదువుకుంటుంది.

మామ్మగారి కుర్చీ మాత్రం లారీలో పంపడం లేదు. ఇరవై నాలుగున నేనూ మీ అత్తయ్యా తీసుకొస్తాం. ఆవిణ్ణి కూర్చోబెట్టి, పాదం మడుచుకోమని, చూసి, అక్కడే సరిచెయ్యాలి. ఆవిణ్ణి ఎక్కడికీ పంపకు.

ఇట్లు,
మామయ్య

తా.క. ఆవిడ తరఫున ఆ కుర్చీలో రోజూ నన్ను కూర్చోబెట్టి చూస్తున్నారు మీ మామయ్య. కూర్చుంటే లేవబుద్ధి కావడం లేదే! అదృష్టవంతురాలు. చక్కెర తక్కువ టీ నేనే పెట్టి ఇస్తాను, చెప్పు ఆవిడకి.

*

ఇరవై ఆరో తారీఖు

(మామయ్య ఒక్కడే చదవాల్సినది.)

మామయ్యా,

ఇరవై నాలుగున పొద్దున్నించి సాయంత్రం దాకా గేటు దగ్గర నిలబడ్డాను. మీరు రాలేదు. రాకపోవడమే మంచిదయింది. వచ్చుంటే ఇంకో అబద్ధం చూసేవారు.

ఆ ఇంట్లో మామ్మగారు లేరు. ఇంటాయన లేరు, ఇల్లాలు లేదు, పిల్ల లేదు. అది కొనేవాళ్లు వచ్చి చూసి వెళ్లడానికి సర్దిపెట్టే ఫ్లాటు. అందులో ఎవరూ ఉండరు. ఆ మాట చెబితే నువ్వు చెయ్యవని భయపడి నలుగుర్నీ కల్పించాను. ఒకసారి కల్పించాక వాళ్లని పోషించలేక చచ్చాను.

మీరొస్తున్నారని ఏం చేశానో తెలుసా? మా భవనంలో మెట్లు తుడిచే పెద్దావిణ్ణి ఒక్కరోజుకి మామ్మగారిగా ఉండమని బతిమాలాను. రెండురోజులు నేర్పించాను. "నొప్పి ఏ మోకాలికమ్మా? నాకు నిజంగా నడుములో, అది చెప్పకూడదా?" అనేది. మీరు రాలేదు. కానీ ఆవిడకి వేషం నచ్చింది. నిన్న, అసలు రోజున, పిలవకుండా వచ్చి సోఫాలో కూర్చుంది. లేపితే లేవదు. "మామ్మని కదమ్మా" అంది.

ట్రెండుగారు పాతికమందిని వెంటేసుకుని వచ్చారు. సోఫా ఎత్తు చూశారు, గుడ్డ రంగు చూశారు, బీరువా పిడులు చూశారు. ఆయన మొహం చూసి నేను మనసులో శాంపిల్ పుస్తకాలు లెక్కపెట్టుకుంటున్నాను. అప్పుడు ఎవరో "కిటికీ పక్క ఆ మూల ఖాళీగా ఉందేం?" అన్నారు. నేను నోరు తెరిచేలోగా మన మామ్మగారు అందుకుంది. "అది నా కుర్చీ చోటు. కొలతలు పట్టుకెళ్లారు. నా మోకాలికి తగ్గట్టు చేస్తున్నారు, ఇంకా రాలేదు" అంది. వచ్చినవాళ్లంతా ఆవిడ చుట్టూ మూగారు. మనిషిని కొలిచి కుర్చీ చేస్తారా? మాక్కూడా చేస్తారా? ఒకాయన బల్ల దగ్గర కూర్చుని కుర్చీని వెనక కాళ్లమీద ఊపడం మొదలుపెట్టాడు, పడలేదు. ఒక చిన్నపిల్ల సోఫాలో ఏం చేసిందో చెప్పక్కర్లేదు.

ట్రెండుగారు గొంతు సవరించుకుని "ఇప్పుడిదే ట్రెండు" అన్నారు.

నలభై ఫ్లాట్లూ నాకే ఇచ్చారు. ప్రతి ఇంట్లో కిటికీ మూల ఖాళీగా ఉంచాలట. కొన్నవాళ్లు వచ్చాక ఇంట్లో ఒకరిని కొలిచి వాళ్ల కుర్చీ చేయించాలట. నువ్వే చెయ్యాలి. కానీ ఇంత అబద్ధమాడిన దానికి చేస్తావా? నీ చెక్కని మనుషుల్లేని ఇంటికి రప్పించాను. తిట్టు మామయ్యా, తిట్టి ఊరుకో. మాట్లాడ్డం మాత్రం మానకు.

ఇట్లు,
మేడం కాని పెన్సిలు

తా.క. అత్తయ్యకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. పరుపు కూడా ఎండలో వేసింది.

*

ముప్పయ్యో తారీఖు

పిచ్చి పెన్సిలూ,

ఇది నా సొంత దస్తూరీ. అర్థం కాని చోట కలప దుకాణం ఆయన్ని అడుగు.

ఆ ఇంట్లో మనుషుల్లేరని నీ రెండో ఉత్తరానికే తెలిసింది. నలుగురున్న ఇల్లన్నావు, ఒకళ్ల మీద ఒకళ్లకి ఒక్క ఫిర్యాదైనా ఉన్నట్టు రాయలేదు. అలాంటి ఇల్లెక్కడుంది?

నాకింకోటి కూడా తెలిసింది. నీకు ఏడేళ్లప్పుడు నా టేపు లాక్కుని, "కొలవడం నేర్పు మామయ్యా" అని ప్రాణం తీశావు. దొరికిన మనిషి మీ అత్తయ్య. ఆవిడ మేకుల పెట్టెమీద కూర్చుని ఉంటే మడమ నుంచి మోకాలి వెనక దాకా కొలిచి, నా పెన్సిలుతో గోడమీద రాశావు. జిగురు డబ్బా వెనక ఇప్పటికీ ఉంది. పదిహేనున్నర. నీకు గుర్తుండి రాశావో, చేతికి అదే వచ్చిందో నాకు తెలియదు. ఉత్తరం విన్నాక వెళ్లి డబ్బా జరిపి చూసుకున్నాను.

తర్వాత మీ అత్తయ్య తన సంగతి తనే పైకి చదివి, తనని తను పోల్చుకోకుండా, "ఆ ఇంటి మగాళ్లకి అవి కళ్లా కాకరకాయలా" అని తిడుతూంటే, నేను గరుకు కాగితం వెతుక్కోక ఏం చెయ్యను? నలభై ఏళ్లలో ఊరందరి మోకాళ్లూ కొలిచాను. నా పక్కనే పెట్టె బోర్లించుకుని నా ఉత్తరాలు రాసిపెట్టే మనిషికి కుర్చీ లేదని నాకు తట్టలేదు. ఒకసారి అడిగాను కూడా. "నాకిదే అలవాటు" అంది. నేను నమ్మాను. సిగ్గుగా ఉందే.

మనుషుల్లేని ఇంటికి చెయ్యనన్నవాణ్ణి, నీ కొలతల వెనక ఒక నిజం మనిషి ఉంది కనక చేశాను. మధ్యలో పని ఆపింది కూడా నేను కాదు, మీ అత్తయ్య రంపం దాచేసింది. మామ్మగారు తిరిగొచ్చిందని నువ్వు రాసేదాకా ఇవ్వలేదు. నిజం చెబుదామంటే కుర్చీ పూర్తి కాలేదు, ముందే తెలిస్తే "నాకెందుకు" అని ఇంకెవరికో ఇచ్చేస్తుంది.

ఇరవై నాలుగున బయల్దేరదామని కుర్చీకి తాడు కట్టబోయాను. ఆవిడ అందులో కూర్చుని ఉంది, వెనక్కి వాలి. అంచున కాదు. పెళ్లయ్యాక ఆవిడ వెనక్కి వాలి కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. లేపలేకపోయాను. వార్నీషు ఆరలేదని చెప్పాను. రోజూ ఆరిందా లేదా అని కూర్చుని చూస్తోంది. ఆ కుర్చీ ఇక ఎక్కడికీ రాదు.

నలభై కుర్చీలూ చేస్తాను. మొదటిది ఆ మెట్లు తుడిచే ఆవిడకి. నడుము నొప్పితో సహా అసలు కొలతలు పంపు.

మీ అత్తయ్యకి ఏమీ చెప్పకు. సమయం చూసి నేనే చెబుతాను.

ఇట్లు,
మామయ్య

తా.క. ఉతకబోతూ చొక్కా జేబులో ఈ ఉత్తరం చూశాను. కలప దుకాణం ఆయన సాయం లేకుండానే చదివాను, నలభై ఏళ్ల కాపురం ఊరికే పోతుందా. ఆ ఇంటి మగాళ్లని తిట్టిన తిట్లలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం ఉండనీ, పనికొస్తాయి. ఆ పెద్దావిడ కోసం వేసిన పరుపు నువ్వొస్తే పనికొస్తుంది, ఈ వారమే రా. మీ మామయ్య నేను చదవలేదనే అనుకుంటున్నారు, ఉత్తరం మళ్లీ జేబులో పెట్టేస్తున్నాను. అన్నట్టు, నా దస్తూరీ చూశావా పెన్సిలూ? ఎక్కడా వణకలేదు.